అప్‌డేట్: పాప జీపు ఇప్పుడు ర్యాంపు ఎక్కుతోంది

మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటు ర్యాంపు మీద పాప కూర్చుని నడిపే బ్యాటరీ బొమ్మ జీపు సగంలోనే ఆగిపోతోందని, 12 వోల్టుల బదులు 24 పెట్టవచ్చా అని అడిగాను కదా. వద్దన్నవారి మాటే విన్నాను. వోల్టేజి రెట్టింపైతే ముందు మాడేది కంట్రోలు బోర్డు, ఆ తర్వాత అరిగేవి గేర్‌బాక్సులోని ప్లాస్టిక్ పళ్లు.

విప్పి చూస్తే అసలు రోగం బ్యాటరీదే. మీటరు పెడితే లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపిస్తుంది, పాప పెడల్ తొక్కగానే 9కి జారిపోతుంది! బెంగళూరు ఎస్పీ రోడ్డులో నాలుగు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, వాటికి బీఎంఎస్ (సెల్స్ పాడవకుండా కాపాడే చిన్న సర్క్యూటు బోర్డు) కొన్నాను. వరసగా కలిపితే 12.8 వోల్టులు, మోటార్లకు ఏ ఇబ్బందీ లేదు. పాత ఛార్జరు మాత్రం పక్కన పెట్టేయాలి, వీటికి 14.6 వోల్టులది కావాలి. బ్యాటరీ ప్లస్ తీగకు దగ్గరలోనే ఫ్యూజు తప్పనిసరి, ఇందులో రాజీ లేదు.

ప్లాస్టిక్ చక్రాలు నున్నటి గచ్చు మీద ఊరికే గిర్రున తిరిగేవి. పాత సైకిలు ట్యూబు కోసి తొడిగి, అంచుల్లో స్క్రూలు బిగించాను. చప్పుడూ తగ్గింది. పాప పట్టుబట్టిన గులాబీ స్టిక్కర్లూ అయ్యాయి. హారన్ తీగ మాత్రం పీకేశాను, కింది ఫ్లాటు తాతగారు ఇప్పటికే చాలా ఓపిక పట్టారు. ఇక సీటు బెల్టు మిగిలింది. పాత స్కూలు బ్యాగు పట్టీ సరిపోతుందేమో చూడాలి.