బైండర్ మిద్దెమీద ఆరేయాలా, గదిలోనా?

కొర్లగుంట కుర్రోడు:
నాకున్నది ఒకటే బైండర్, అదే మనలాంటి ట్రాన్స్ అబ్బాయిలు ఛాతీ చదునుగా కనబడాలని వేసుకునే బిగుతు లోచొక్కా. పొద్దున తొమ్మిదికి వేసుకుంటే సాయంత్రం ఐదుకు తీసేస్తాను, ఎనిమిది గంటలు దాటించను. మన తిరుపతి ఎండకు ఆ కాస్త సేపట్లోనే పిండితే నీళ్లు కారేంత తడుస్తుంది. రోజూ రాత్రి ఉతికి బీరువా వెనక ఆరేస్తున్నా. తెల్లారేసరికి చంకల దగ్గర ఇంకా చెమ్మే. మిద్దెమీద వేస్తే తొందరగా ఆరుతుంది గానీ పక్కనే ఓనరమ్మ వడియాలు పెడుతుంటుంది. అసలు దీన్ని ఎండలో వేయొచ్చా? ఒకరు మంచిదంటారు, ఒకరు సాగిపోతుందంటారు.

మిద్దెమీద గాలి:
ఎండే, ఆలోచించొద్దు. మా అవ్వ పసిబిడ్డల గుడ్డలు కూడా ఎండలోనే వేసేది.

చిత్తూరు కుట్టుమిషన్:
మీ అవ్వ వేసింది నూలు గుడ్డ తమ్ముడూ. బైండర్ నైలాన్, స్పాండెక్స్ కలిసినది, మా భాషలో లైక్రా. వేడి, ఎండ రెండూ దాని సాగుడు గుణాన్ని తినేస్తాయి. మే నెల ఎండలో రోజూ వేస్తే బిగువు త్వరగా పోతుంది. బిగువు పోయిందని కొందరు ఒకదానిమీద ఒకటి రెండు వేసుకుంటారు, ఇంకొందరు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటారు. ఊపిరి ఆడదు, పక్కటెముకలకు ప్రమాదం. ఆ పని మాత్రం ఎవరూ చేయొద్దు.

ఉతికేటప్పుడు చన్నీళ్లు, కొంచెం లిక్విడ్ డిటర్జెంట్, పది నిమిషాలు నానబెట్టి చేత్తో పిసకడం. అంతే. బండకేసి బాదొద్దు, బ్రష్ పెట్టొద్దు, మెలితిప్పి పిండొద్దు. టవల్లో చుట్టి అదిమితే సగం నీళ్లు దానికే పోతాయి. బ్లీచ్ అసలే వద్దు, గుడ్డ మెత్తబడాలని వేసే కంఫర్ట్ లాంటివీ వద్దు. ఇంకో మాట, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సబ్బు బిళ్ల వాడకండి. తెల్లటి పొర పట్టి గుడ్డ గరుకవుతుంది, చర్మం ఒరుసుకుంటుంది.

మిద్దెమీద గాలి:
అన్నా, నువ్వు లైక్రా ఆయుష్షు చూస్తున్నావు. నా చర్మం సంగతో? మూడు నెలలు గదిలో ఆరేసి ఛాతీ కింద తామర తెచ్చుకున్నా. మెడికల్ షాపులో ట్యూబ్ ఇచ్చారు. రాస్తే నాలుగు రోజులు తగ్గింది, తర్వాత వీపుదాకా పాకింది. బైండర్ పోతే ఇంకోటి కొంటా.

రాత్రి డ్యూటీ:
ఆ ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. దురద ఆపుతుంది, తామరను మాత్రం పెంచుతుంది. చర్మం డాక్టరుకు చూపించండి. నర్సుగా ఒకటే చెప్తాను, తామరకు కావాల్సింది తేమ. ఎండలో ఆరిందా, నీడలో ఆరిందా అన్నది కాదు, పూర్తిగా ఆరిందా అన్నదే లెక్క. చెమ్మగా ఉన్నది మళ్లీ వేసుకోవడమే అసలు తప్పు. బీరువా వెనక గాలి ఎక్కడిది? ఫ్యాను కింద పరచండి.

అన్నట్టు, పోయిన నెల ఒకబ్బాయి బైండర్‌తోనే అలిపిరి మెట్లు ఎక్కాడు, 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర కూలబడ్డాడు. కొండెక్కే రోజు వదులు చొక్కా చాలు నాయనా, స్వామి ఏమీ అనుకోడు.

పుత్తూరు రైలు:
దాచుకోవడం దేనికి? 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులోనే చెప్పింది, మన జెండర్ చెప్పుకునే హక్కు మనదేనని. మిద్దెమీద దర్జాగా వెయ్యి.

కొర్లగుంట కుర్రోడు:
ఓనరమ్మ ఆ తీర్పు చదవలేదన్నా. రెండు నెలల అడ్వాన్సు ఆమె దగ్గరుంది.
అక్కా, ఫ్యాను ఒక్కటే, దాని కింద నా రూమ్మేట్ పడుకుంటాడు. మిషన్లో స్పిన్ తిప్పొచ్చా?

చిత్తూరు కుట్టుమిషన్:
ముందు లోపలి లేబుల్ చూడు. మిషన్ కూడదని లేకపోతే, హుక్కులుంటే పెట్టేసి, వల సంచిలో వేసి కాసేపు స్పిన్ తిప్పు. డ్రయ్యర్ వేడి మాత్రం తగలనీయకు. రెండోది కొనుక్కో, అదే అసలు మందు. కార్తీకంలో ముసురు పట్టిందంటే మిద్దె కూడా నిన్ను కాపాడదు.

రాత్రి డ్యూటీ:
అందాకా రోజు మార్చి రోజు స్పోర్ట్స్ బ్రా వేసుకోండి.

కొర్లగుంట కుర్రోడు:
అది వేసుకున్న రోజు షాపులో ఎవరో ఒకరు "ఏమ్మా" అంటారక్కా. ఆ రోజంతా పని సాగదు. జీతం రాగానే రెండోది కొంటా.

మిద్దెమీద గాలి:
నేనైతే ఎండ వదలను. తిరగేసి, లోపలి వైపు పైకి పెట్టి, పొద్దున ఎనిమిది లోపల తీసేస్తా. లేత ఎండకు లైక్రా చావదు.

చిత్తూరు కుట్టుమిషన్:
చావదు, ముసలిదవుతుంది.

కొర్లగుంట కుర్రోడు:
నిన్న మిద్దె మెట్ల కింద, నీడలో, ప్లాస్టిక్ కుర్చీ మీద పరిచి పైన పల్చటి లుంగీ కప్పా. మధ్యాహ్నానికి ఎండు చేపలా ఆరింది. కానీ గాలికి లుంగీ లేచిపోయింది. ఓనరమ్మ చూసి "నడుం పట్టీనా అబ్బోడా?" అంది. అవునన్నా. వాళ్లాయనకూ నడుం నొప్పట, అట్లాంటిదే ఒకటి తెచ్చిపెట్టమని పొద్దున డబ్బులు చేతిలో పెట్టింది. ఇప్పుడేం చేసేది?