ఓడిపోయిన ప్లేయర్ సిస్టర్ దగ్గర కాకుండా నెల్లూరు ఇంట్లో లేస్తున్నాడు, ఎందుకు?

పెన్నా_పిక్సెల్:
ఆర్‌పీజీ మేకర్ ఎక్స్‌పీ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద పోకెమాన్ ఎసెన్షియల్స్ కిట్‌తో ఫ్యాన్ గేమ్ కడుతున్నా. మ్యాప్ నెల్లూరులో మొదలై ఆత్మకూరు మీదుగా ఉదయగిరి కొండ ఎక్కుతుంది. జట్టును నయం చేసే నర్సు ఆత్మకూరు ఆస్పత్రిలో ఉంటుంది, గేమ్‌లో అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. కిట్‌లో ఇచ్చిన నర్సు ఈవెంట్ (మ్యాప్ మీది పాత్ర ఏం చేయాలో చెప్పే కమాండ్ల వరుస) వాడకుండా సొంతంగా రాశా. కౌంటర్ ఇవతల నుంచి ఎంటర్ కొడితే సిస్టర్ పలకట్లేదు. జట్టంతా పడిపోతే ప్లేయర్ నెల్లూరు ఇంట్లో లేస్తున్నాడు. ఇంకో సంగతి: ఉదయగిరి కొండ మీద రెండో సిస్టర్‌ను పెట్టాలా? వైద్యానికి డబ్బు తీసుకోవాలా?

కంభం_కోడర్:
ముందు కౌంటర్ సంగతి. ఎఫ్9 నొక్కి డేటాబేస్ తెరువు, టైల్‌సెట్స్‌లో (మ్యాప్ గీసే గడి బొమ్మలు, అంటే టైల్స్, ఉండేచోట) కౌంటర్ ఫ్లాగ్ అని ఉంటుంది, బల్ల టైల్ మీద అది పెట్టు. అప్పుడు ప్లేయర్ బల్లవైపు తిరిగి ఎంటర్ కొడితే ఇంజిన్ ఆ బల్ల దాటి అవతలి గడిలో ఈవెంట్ ఉందా అని చూస్తుంది. ఒక్క గడి మాత్రమే దాటుతుంది. బల్ల రెండు గడుల వెడల్పుంటే సిస్టర్‌కు వినపడదు.

ఇంట్లో లేవడానికి కారణం: సెంటర్‌ను (జట్టును నయం చేసే చోటు, నీ గేమ్‌లో ఆస్పత్రి) గుర్తుపెట్టుకునే స్క్రిప్ట్ లైన్ నీ ఈవెంట్‌లో లేదు, లేదా నయం చేయాలా అని సిస్టర్ అడిగితే "వద్దు" అన్న కొమ్మలో పడింది. ఆ లైన్ ఒక్కసారి కూడా నడవకపోతే కిట్ మెటాడేటాలో (గేమ్ సెట్టింగుల్లో) రాసిన ఇంటికే పంపుతుంది. దాన్ని "సరే" కొమ్మలో, నయం చేసే కమాండ్‌కు ముందే పెట్టు. అది దాచుకునేది సిస్టర్ ఉన్న చోటు కాదు, ఆ క్షణాన ప్లేయర్ నిలబడిన మ్యాప్, గడి, ముఖం తిరిగిన దిక్కు. అందుకని సిస్టర్‌తో పక్కనుంచి మాట్లాడే సందు వదలొద్దు, ఓడిపోయాక ఆ పక్కనే లేస్తాడు.

ఇది సరిచేశాక ఇంకోటి బయటపడుద్ది, ఇప్పుడే చూసుకో. ఓడిపోయినప్పుడు కిట్ 1వ నంబర్ స్విచ్ ఆన్ చేస్తుంది. సిస్టర్ ఈవెంట్‌లో రెండో పేజీ పెట్టి, ఆ స్విచ్‌ను షరతుగా ఇచ్చి, ట్రిగ్గర్ ఆటోరన్ (దానంతటదే నడిచేది) చెయ్యి. అందులో సిస్టర్ రెండు మాటలు చెప్పాలి, చివర స్విచ్ ఆఫ్ అవ్వాలి. ఆఫ్ చేయకపోతే ఆ పేజీ తిరుగుతూనే ఉంటుంది, ప్లేయర్ అడుగు కదపలేడు. జట్టును ఆ పేజీలో మళ్లీ నయం చేయనక్కర్లేదు, ఓడినప్పుడే కిట్ చేసేస్తుంది.

మార్కాపురం_పలక:
డిజైన్ గురించి చెప్తా. సిస్టర్ విలువ హెచ్‌పీలో (పోకెమాన్ ప్రాణశక్తి) లేదు, పీపీలో (ఒక్కో దెబ్బను ఎన్నిసార్లు కొట్టొచ్చో ఆ లెక్క) ఉంది. హెచ్‌పీ పోతే పోషన్ కొనుక్కుంటారు. పీపీ నింపే ఈథర్‌ను అసలు గేమ్స్‌లో మామూలు మార్ట్‌లో (షాపులో) అమ్మరు. హైడ్రో పంప్ అనే దెబ్బకు 5 పీపీ, ఐదుసార్లు కొట్టాక చేతిలో పోషన్లు ఎన్నున్నా వెనక్కి రావాల్సిందే. నీ షాపులో ఈథర్ అమ్మితే సిస్టర్ దగ్గరికి ఎవరూ రారు.

అందుకే దూరాన్ని అడుగుల్లో కాకుండా తప్పించుకోలేని పోరాటాల్లో కొలువు. 1996లో వచ్చిన మొదటి పోకెమాన్ గేమ్స్ చూడు: మౌంట్ మూన్ గుహ ముందు సెంటర్ ఉంది, రాక్ టన్నెల్ ముందు ఉంది, లోపల లేదు. ఆట చివర్లో ఎలీట్ ఫోర్ అనే నలుగురు, ఛాంపియన్ కలిపి ఐదు పోరాటాలు, మధ్యలో నర్సు లేదు, మొదలయ్యే ముందు ఉంది. ఉదయగిరికీ అదే చెయ్యి. కొండ కింద సిస్టర్, పైన ఎవరూ వద్దు. పైన పెడితే ఎక్కే దారిలోని ట్రైనర్లకు బరువుండదు.

డబ్బు మాత్రం తీసుకోవద్దు. డ్రాగన్ క్వెస్ట్ అనే ఇంకో గేమ్‌లో సత్రానికి డబ్బు కట్టాలి, అక్కడ అది కుదిరింది. పోకెమాన్‌లో ఓడితేనే డబ్బు పోతుంది, మొదటి గేమ్స్‌లో ఏకంగా సగం. ఆపైన ఫీజు కూడా పెడితే ఓడినవాడే ఇంకా కుంగుతాడు. ఫైర్‌రెడ్ గేమ్ నుంచి లెక్క మార్చారు: జట్టులో అన్నిటికన్నా పెద్ద లెవెల్‌ను బ్యాడ్జీలను (జిమ్ లీడర్లను ఓడిస్తే వచ్చేవి) బట్టి ఒక అంకెతో గుణిస్తారు. బ్యాడ్జీ లేకపోతే 8, రెండుంటే 24, ఎనిమిదుంటే 120. లెవెల్ 20, రెండు బ్యాడ్జీలు అంటే పోయేది 480. కొత్తగా ఆడేవాళ్లకు ఇదే న్యాయంగా ఉంటుంది.

మైపాడు_అల:
ఈవెంట్ సొంతంగా రాశావు గనక పోకెరస్ (పోకెమాన్‌కు అరుదుగా అంటుకునేది) కొమ్మ ఉందో లేదో చూడు. ఒక్కో పోరాటం తర్వాత అది అంటుకునే అవకాశం 65536లో 3. వస్తే మొదట చెప్పాల్సింది సిస్టరే. ఆమె దాన్ని తీసేయకూడదు, అది జబ్బు కాదు, పోరాటాల్లో వచ్చే, బలం పెంచే ఎఫర్ట్ పాయింట్లను రెట్టింపు చేస్తుంది. కిట్‌లోని ఈవెంట్‌లో ఆ షరతు ఉంది, అక్కడినుంచి తెచ్చుకో.

నయం చేసేటప్పటి సంగీతానికి ఎంఈ (చిన్న సంగీతపు ముక్క) వాడు. అది మోగేంతసేపు బీజీఎం (వెనక మోగే పాట) దానంతటదే ఆగి మళ్లీ అందుకుంటుంది. వెయిట్ 20 అంటే ఒక సెకను. జట్టు పోకెమాన్లు ఉండే బంతులు ఒక్కోటి వెయిట్ 8తో పెడితే ఆరింటికీ రెండున్నర సెకన్లలోపే. ఆటలో వందలసార్లు చూసే దృశ్యం ఇది, అంతకు మించి లాగొద్దు.

పెన్నా_పిక్సెల్:
లైన్ "వద్దు" కొమ్మలోనే ఉందన్నా, మార్చా. ఇప్పుడు ఆత్మకూరులోనే లేస్తున్నాడు. కొండ కింద సిస్టర్‌ను పెడితే పోరాటాలు ఎన్ని ఉండాలి?

మార్కాపురం_పలక:
తప్పించుకోలేనివి ఐదారు చాలు, పక్కదారుల్లో ఇంకో మూడు పోరాటాలు పెట్టు. దిగేటప్పుడు అడ్డదారి ఒకటి తెరువు, పైదాకా పోయినవాడు సిస్టర్ దగ్గరికి నిమిషంలో దిగాలి.