ఉపసర్గేణ ధాత్వర్థో... ఈ శ్లోకం ఇంగ్లీషు మాటలకీ పనికొస్తుంది

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు, ఇంగ్లీషు వొకాబులరీ పెంచుకోవాలంటే రూట్స్ చదవమని అందరూ అంటున్నారు, లాటిన్ రూట్లూ గ్రీకు రూట్లూ లిస్టు రాసుకుని బట్టీ పట్టాను, తీరా చదివేటప్పుడు కొత్త మాట తగిలితే రూట్ గుర్తొస్తోంది గానీ అర్థం మాత్రం తెలియట్లేదు, ఇదంతా టైమ్ వేస్టా అని. కామెంట్లో రాస్తే సరిపోదని విడిగా పోస్టు పెడుతున్నా.

టైమ్ వేస్టేం కాదండీ. లిస్టు బట్టీ పట్టడంలో ఒక ముఖ్యమైన ముక్క జారిపోతుంది, ఆ ముక్కని మన వ్యాకరణం వాళ్ళు ఎప్పుడో శ్లోకంలో పెట్టి చెప్పారు:

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహార సంహార విహార పరిహారవత్

ఉపసర్గ (మాట ముందు చేరే ముక్క) వచ్చి ధాతువు (క్రియకి మూలం, అదే రూట్) అర్థాన్ని బలవంతంగా ఇంకో చోటికి ఈడ్చుకుపోతుంది, ప్రహారం ఆహారం సంహారం విహారం పరిహారం లాగా అని. ఐదింట్లోనూ ఉన్నది ఒక్కటే హృ ధాతువు, తీసుకుపోవడం అని అర్థం. ముందు ప్ర చేరితే దెబ్బ, ఆ చేరితే తిండి, సం చేరితే చంపడం, వి చేరితే షికారు, పరి చేరితే నష్టానికి కట్టేది. హృ అంటే ఏంటో తెలిసినంత మాత్రాన విహారం అంటే షికారని ఎవరూ కనిపెట్టలేరు. కానీ ఒకసారి తెలిశాక మాత్రం మర్చిపోరు, ఎందుకంటే మిగతా నాలుగూ దాన్ని పట్టుకుని ఉంటాయి. రూట్ నుంచి మనం ఆశించాల్సింది ఆ జ్ఞాపకమే, అర్థం కోసం డిక్షనరీ దగ్గరికి వెళ్ళాల్సిందే.

శ్లోకంలో బలాత్ అన్న మాట చూడండి, నాకు దానిమీద చాలా ఇష్టం. మెల్లగా పక్కకి జరపడం కూడా కాదట, లాక్కుపోవడమేనట.

ఇప్పుడు ఇదే పని లాటిన్‌లో చూద్దాం. ఫెర్రె అని ఒక క్రియ ఉంది, మొయ్యడం, తేవడం అని అర్థం. రి అంటే వెనక్కి, విషయాన్ని దాని మూలం దగ్గరికి తిరిగి మోసుకెళ్తే రిఫర్. ప్రి అంటే ముందు, నాలుగింట్లో ఒకదాన్ని ముందుకి తెచ్చి పెట్టుకుంటే ప్రిఫర్. ట్రాన్స్ అంటే అవతలికి, అది చెప్పక్కర్లేదు. కాన్ అంటే కలిపి, అందరూ తమ తమ మాటలు ఒకచోటికి తెస్తే కాన్ఫరెన్స్. ఇన్ అంటే లోపలికి, ఉన్న ఆధారాల్లోంచి ఒక నిర్ణయాన్ని లోపలికి తెచ్చుకుంటే ఇన్‌ఫర్. ఇక సబ్ అంటే కింద, కింద ఉండి మొయ్యడం, అదే సఫర్. మనం కష్టాలు భరించాడు అంటాం కదా, భరించడం అంటే కూడా మొయ్యడమే, భారం ఉంది అందులో.

ఇది ఊరికే పోలిక అనుకోకండి, ఫెర్ కీ, ఈ భరించడంలో ఉన్న సంస్కృత ధాతువు భృ కీ మూలం ఒకటే. లాటిన్‌లో మాట మొదట్లో ఫ ఉన్నచోట సంస్కృతంలో భ, ఇంగ్లీషు సొంత మాటల్లో బ రావడం మళ్ళీ మళ్ళీ కనపడుతుంది. ఫెర్, భృ, బేర్ ఒక వరస. లాటిన్ ఫ్రాటర్ (ఫ్రెటర్నిటీ అందులోంచే), భ్రాత, బ్రదర్ ఇంకో వరస. మూడోది ఇంకా బావుంటుంది, లాటిన్‌లో ఫు, సంస్కృతంలో భూ, ఇంగ్లీషులో బి, ఉండటం అని. ఆ ఫు నుంచి ఫ్యూచర్, ఆ భూ నుంచి భవిష్యత్తు, రెండిటికీ అసలర్థం ఉండబోయేది అనే. ఈ మూడు వరసలూ కాగితం మీద రాసుకుని చూస్తే ఎవరికైనా ఒళ్ళు ఝల్లుమంటుంది, నాకైతే ఇప్పటికీ అంతే.

ఫెర్రె దగ్గరే ఇంకో చిక్కుంది, అది తెలియకపోతే సగం కుటుంబం కనపడదు. ఈ క్రియతో మోయబడినది అని చెప్పాల్సినప్పుడు రూపం పూర్తిగా మారిపోయి లాటుమ్ అవుతుంది. మనం వచ్చాడు అంటాం, కానీ రాలేదు అంటాం, రండి అంటాం, వచ్చు కీ రా కీ పోలికే లేకపోయినా ఒకే క్రియలా వాడేస్తున్నాం కదా, అట్లా అన్నమాట. అందుకని ట్రాన్స్‌ఫర్ కి తోబుట్టువు ట్రాన్స్‌లేట్, రెండూ అవతలికి మొయ్యడమే, ఒకటి వస్తువుని ఒకటి మాటని. రిఫర్ కి రిలేట్, కాన్ఫర్ కి కొలేట్. రెండు ఎఫ్‌లు ఉన్న డిఫర్ (తేడాగా ఉండటం), ఒకే ఎఫ్ ఉన్న డిఫర్ (వాయిదా వెయ్యడం) కూడా లాటిన్‌లో ఒకే మాట, ఆ వాయిదా అర్థంలోంచే డిలటరీ వచ్చింది, కావాలని జాప్యం చేసే అని. డిలటరీ లాంటి మాటని విడిగా బట్టీ పడితే ఎక్కదు, డిఫర్ పక్కన కూర్చోబెడితే ఎక్కుతుంది.

స్పెల్లింగ్ సంగతి కూడా చెప్పాలి, దీనికి మన సంధులు బాగా పనికొస్తాయి. ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టు, సత్ + జనుడు సజ్జనుడు అయినట్టు, లాటిన్‌లోనూ ముందున్న హల్లు తర్వాతి హల్లుగా మారిపోతుంది. ఇన్ + లీగల్ ఇల్లీగల్, ఇన్ + రెగ్యులర్ ఇర్రెగ్యులర్, పైన చెప్పిన సబ్ + ఫెర్ సఫర్. చాలామంది తప్పు రాసే అకామొడేట్ చూడండి, అది యాడ్ + కామ్ + మోడ్. యాడ్‌లో డి వెళ్ళి సి అయింది కాబట్టి సి రెండు, కామ్ చివర ఎమ్, మోడ్ మొదట ఎమ్, కాబట్టి ఎమ్ కూడా రెండు. విడగొట్టడం తెలిస్తే ఇక ఆ స్పెల్లింగ్ తప్పు పోదు.

ఇక చదివే పద్ధతి, క్లుప్తంగా. ఒక పేజీకి ఒక రూట్, దానికింద మీరు నిజంగా చదువుతూ ఎదురుపడ్డ మాటలే రాయండి, లిస్టులోంచి ఎక్కించొద్దు. మాట పక్కన ఉపసర్గ అర్థం, ఇప్పటి అర్థం, ఎదురుపడ్డ వాక్యం. వాక్యం మాత్రం మానొద్దు, ఇన్‌ఫర్ తర్వాత ఫ్రమ్ వస్తుందని రూట్ చెప్పదు, వాక్యం చెప్తుంది. పేజీలో ఐదారు మాటలయ్యాక మీకే తెలియకుండా ఏడోది తగులుతుంది.

“మరి రూట్ తెలిస్తే కొత్త మాటకి అర్థం ఊహించొచ్చు అంటారు కదా, అది తప్పా?”

ఊహించండి, ఊహించాక డిక్షనరీ తప్పకుండా చూడండి. ఇన్ అంటే లేదు అనుకుంటే ఇన్‌ఫ్లేమబుల్ అంటే అంటుకోనిది అనుకుంటారు, అది ప్రమాదం, అక్కడున్నది లోపలికి అనే ఇన్, నిప్పంటుకునేదనే అర్థం. పెడ్ రెండున్నాయి, పెడెస్ట్రియన్‌లోది లాటిన్ పాదం, మన పాదచారిలో పాదానికి చుట్టమే, పీడియాట్రిక్స్‌లోది గ్రీకు పిల్లవాడు. మినియేచర్ చూస్తే మినిమమ్ గుర్తొస్తుంది, నిజానికది మినియమ్ అనే ఎర్ర సీసపు రంగు నుంచి వచ్చింది, రాతప్రతుల్లో బొమ్మలకి వాడేవాళ్ళు, ఆ బొమ్మలు చిన్నవి కాబట్టి చిన్నది అనే అర్థం తర్వాత చేరింది. పైగా అర్థాలు కాలంతో కదులుతాయి. నైస్ మూలంలో ఏమీ తెలియనివాడు అని, ఇప్పుడు మంచి మాట. మన కంపు పాత కావ్యాల్లో పరిమళం, ఇప్పుడు ముక్కు మూసుకుంటాం.

ఊహ బాగా పనిచేసే చోటు ఒకటుంది, వైద్యం, సైన్సు మాటలు. చాలావరకు ఈమధ్య శతాబ్దాల్లో పండితులు కావాలని గ్రీకు ముక్కలు అతికించి చేసుకున్నవి, జారిపోయేంత కాలం వాటికింకా గడవలేదు. ఐటిస్ ఉంటే వాపు, ఎక్టమీ ఉంటే కోసి తీసెయ్యడం, అంతే. ఇక్కడ కూడా మన ఉపసర్గలు పలకరిస్తాయి, గ్రీకు డిస్ మన దుస్, గ్రీకు పెరి మన పరి, గ్రీకు హైపర్ మన ఉపరి. డిస్పెప్సియా అంటే అజీర్ణం, దుస్ పక్కన పచ్ ధాతువు, పెప్ అంటే వండటం, అరగడం. పాకం, పెప్సిన్, కుక్, ముగ్గురూ ఒక ఇంటివాళ్ళే.

“ఇన్ని కలుస్తున్నాయంటే తెలుగూ ఇంగ్లీషూ ఒకే కుటుంబం అన్నమాట?”

కాదండీ, ఇది జాగ్రత్తగా చూడాలి. కలుస్తున్నవి సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో చెప్పాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంలోంచి పుట్టలేదు, వేరే కుటుంబం అని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, కాంబెల్ తెలుగు వ్యాకరణానికి జతచేసిన వ్యాసంలో చూపించాడు. కాబట్టి నీళ్ళు, ఇల్లు, చెట్టు పట్టుకుని లాటిన్‌లో చుట్టాల్ని వెతకొద్దు. జలం తెలుగులోకి వచ్చినట్టే యాక్వా ఇంగ్లీషులోకి వచ్చింది, వాటర్ వాళ్ళ ఇంటి మాట, నీళ్ళు మన ఇంటి మాట. తత్సమం తద్భవం కూడా వాళ్ళకున్నాయి, ఫ్రజైల్ లాటిన్ నుంచి నేరుగా వచ్చింది, ఫ్రెయిల్ అదే మాట ఫ్రెంచి నోట్లో అరిగి వచ్చింది, మనకి యాత్ర, జాతర ఉన్నట్టు. అరిగినదానికి అర్థం కూడా కొంచెం పక్కకి జరిగింది, రెండు జంటల్లోనూ.

“న్యూస్ అంటే నార్త్ ఈస్ట్ వెస్ట్ సౌత్ అని చదివాను”

వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, దయచేసి ముందుకి పంపకండి. న్యూ అన్న మాటకి బహువచనం న్యూస్, కొత్త సంగతులు, అంతే. మొదటి అక్షరాలు కలిపితే మాట పుట్టిందని ఎక్కడ చదివినా, అది పాత మాటైతే నమ్మకండి, అట్లా మాటలు కట్టడం ఇరవయ్యో శతాబ్దంలోనే మామూలైంది.

“ఏ రూట్‌తో మొదలుపెట్టమంటారు?”

స్పెక్‌తో. చూడటం అని అర్థం, మన స్పష్టం దానికి చుట్టం, స్పష్టం అంటే కంటికి ఆనింది అని. ఇన్‌స్పెక్ట్ లోపలికి చూడటం, సస్పెక్ట్ కిందనుంచి చూడటం, సర్కమ్‌స్పెక్ట్ చుట్టూ చూసుకుని అడుగేసేవాడు, డిస్పైజ్ మనిషిని కిందకి చూడటం. ఆస్పీషియస్ దగ్గర కాసేపు ఆగండి. అందులో స్పెక్ ముందున్నది అవిస్, పక్షి. రోమన్లు పెద్ద పని ఏది మొదలుపెట్టాలన్నా పక్షులు ఎటు ఎగురుతున్నాయో చూసేవాళ్ళు, ఆ చూడటంలోంచి శుభం అనే అర్థం వచ్చింది. మనం దాన్ని శకునం అంటాం. శకునం అంటే సంస్కృతంలో ముందు పక్షే, శకుంతం అన్నా పక్షే, పక్షులు కాపాడిన పిల్ల కాబట్టి ఆవిడ శకుంతల అయింది.