లూజ్ మోషన్స్ అప్పుడు పిల్లలకి తిండి ఆపాలా? మీ ఇంట్లో ఏం చేశారు?

బుజ్జిగాడి అమ్మ
మా వాడికి 11 నెలలు. మొన్న సాయంత్రం మొదలయ్యాయి. నిన్న ఒక్కరోజే 9 డైపర్లు మార్చాను. డాక్టరు ఓఆర్‌ఎస్, జింక్ సిరప్ రాసి, తిండి మామూలుగానే పెట్టమన్నారు. ఇంటికొచ్చాకే అసలు గొడవ. రెండు ముద్దలు పెడితే పది నిమిషాల్లో డైపర్ నిండుతోంది. "చూశావా, పెట్టింది పెట్టినట్టే పోతోంది. లంఖణం పరమౌషధం అని ఊరికే అన్నారా? ఒక్కరోజు పొట్ట ఖాళీగా ఉంచు, పాలు కూడా వద్దు" అని అత్తయ్య. కళ్లారా చూస్తుంటే నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. ఈ టైములో మీరు తిండి పెట్టారా? ఏం పెట్టారు?

ఇద్దరు పిల్లల తల్లి
పాలు మాత్రం ఆపకండి. మా పెద్దదానికి 13 నెలలప్పుడు ఒకటిన్నర రోజు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. మోషన్స్ తగ్గకపోగా పిల్ల తోటకూర కాడలా వేలాడిపోయింది. తగ్గిన బరువు మళ్లీ రావడానికి నెలన్నర పట్టింది. చిన్నోడి దగ్గరికొచ్చేసరికి బుద్ధొచ్చి, వాడు ఎన్నిసార్లు వెతుక్కుంటే అన్నిసార్లూ పాలిచ్చాను. ఆ మూడు రోజులూ ఒళ్లోంచి దిగలేదు. రెండు గుటకలు తాగి వదిలేసేవాడు, అరగంటకి మళ్లీ. నాకు నడుం పడిపోయింది కానీ వాడు మాత్రం నీరసపడలేదు.

పిల్లల వార్డు నర్సు
తినగానే వెళ్లడం చూసే అందరూ భయపడతారు. పొట్టలో ఏదైనా పడగానే పెద్దపేగు కదులుతుంది, అప్పటికే అక్కడున్నది బయటికొస్తుంది. మీరు పెట్టిన ముద్ద పది నిమిషాల్లో అంత దూరం వెళ్లదండీ. పెద్దవాళ్లలో కూడా చాలామందికి టిఫిన్ అవగానే బాత్‌రూమ్ గుర్తొచ్చేది ఇందుకే. డయేరియాలో కూడా తిన్నదాంట్లో చాలా భాగం ఒంటికి పడుతుంది. పైగా పేగు లోపలి పొర దెబ్బతిని కొత్తగా పుట్టాల్సిన సమయం ఇది. దానికి మేత పేగులోంచే అందాలి. పస్తుంచితే ఆ రిపేరు వెనకబడుతుంది.

ఇంకో మాట, ఓఆర్‌ఎస్ మోషన్స్‌ని ఆపదు. పోయిన నీళ్లు, ఉప్పు మళ్లీ ఒంట్లోకి చేర్చడమే దాని పని. "రెండు రోజులు తాగించాం, ఏం తగ్గలేదు" అని పారబోసేవాళ్లని ఎంతమందిని చూశానో. రెండేళ్లలోపు పిల్లలకి మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. పట్టండి.

డబ్బా పాల నాన్న
నా తెలివి కూడా వినండి. మా పాపకి 5 నెలలప్పుడు, అరుగుదలకి తేలిగ్గా ఉంటుందని డబ్బా పాలు సగానికి సగం నీళ్లు పోసి పట్టాను. డాక్టరు బాగా చివాట్లు పెట్టారు. కొలత ఎప్పుడూ ఉండేదే ఉండాలట, పలచన చేస్తే ఆకలి తీరదు, బలం రాదు.

అంతకంటే పెద్ద తప్పు ఓఆర్‌ఎస్ దగ్గర చేశాను. లీటరు ప్యాకెట్‌లో కొంచెం పొడి గ్లాసులో ఉజ్జాయింపుగా కలిపేవాణ్ని. ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం. పాలల్లో, జ్యూసుల్లో కలపకూడదు, రుచి కోసం పంచదార వేయకూడదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి.

బుజ్జిగాడి అమ్మ
ఓఆర్‌ఎస్ పట్టగానే కక్కేస్తున్నాడు. నిన్న రాత్రి మూడుసార్లు బట్టలు మార్చాను.

కవలల అమ్మ
సీసాతో గడగడా తాగిస్తున్నారా? మావాళ్లదీ అదే కథ. కక్కాక 10 నిమిషాలు ఆగండి. తర్వాత చిన్న స్పూన్‌తో, రెండు నిమిషాలకి ఒకటి. రాత్రి రెండింటికి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కూర్చున్నా. స్పూను దవడ పక్కగా పెట్టి వంచితే ఉమ్మకుండా మింగేది. గంటకి 30 స్పూన్లు, అంటే దాదాపు 150 మి.లీ. లోపలికెళ్లినట్టే. విసుగొస్తుంది, నిజమే.

తిండి సంగతి: మెత్తటి అన్నంలో పెరుగు, మెదిపిన బంగాళాదుంప, అరటిపండు, బాగా ఉడికిన పప్పు. అన్నంలో ఒక చెంచా నూనె కూడా వేసేదాన్ని. వట్టి అరటిపండు, అన్నం మీదే రోజులు గడపొద్దన్నారు డాక్టరు, ప్రోటీన్, కొవ్వు చాలవట. పెద్ద గిన్నె నిండా పెట్టి బతిమాలకుండా, మూడు గంటలకోసారి నాలుగు ముద్దలు. ఒకత్తి తినేసేది, రెండోది నోరే తెరిచేది కాదు. దానికి బలవంతం చేయలేదు, గంటాగి మళ్లీ అడిగేదాన్ని.

జ్యూసులు, కూల్‌డ్రింకులు మాత్రం వద్దు. ఆ తీపి పేగులోకి నీటిని లాగి మోషన్స్ పెంచుతుంది.

రెండేళ్ల చిన్నాడి పిన్ని
అందరూ పాలు పాలు అంటున్నారు కానీ మా అక్క కొడుక్కి పాలు మాన్పిస్తేనే తగ్గింది.

పిల్లల వార్డు నర్సు
కొందరికి అలా అవుతుంది, కాదనను. పాలలో ఉండే చక్కెరని అరిగించే ఎంజైమ్ పేగు పొర పైభాగంలో ఉంటుంది, అది దెబ్బతింటే కొన్నాళ్లు పోతపాలు పడవు. మోషన్ నురగగా, పుల్లటి వాసనతో వస్తుంది, పిర్రలు ఎర్రగా ఒరుసుకుపోతాయి. డయేరియా 14 రోజులు దాటితే కూడా ఆ అనుమానం వస్తుంది. అప్పుడు ఏ పాలు మార్చాలో డాక్టరు చెప్తారు. మొదటి రోజే అందరికీ పాలు మాన్పించక్కర్లేదు. తల్లిపాలు ఎలాగూ కొనసాగించాల్సిందే.

ఈలోగా ఇవి చూసుకోండి: ఆరు గంటలుగా డైపర్ తడవకపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం, మగతగా పడుండటం, మోషన్‌లో రక్తం, ఏది పట్టినా కక్కేయడం. ఒక్కటి కనిపించినా ఇక్కడ పోస్టు పెట్టకుండా ముందు ఆస్పత్రికి వెళ్లండి. మరీ పసికందులైతే ఇవేవీ లేకపోయినా చూపించాల్సిందే. పెద్దవాళ్లు వేసుకునే మోషన్స్ ఆపే మాత్రలు పిల్లలకి సగం ముక్క కూడా వేయొద్దు.

బుజ్జిగాడి అమ్మ
నాలుగు రోజుల తర్వాత వచ్చాను, ఏమనుకోకండి. స్పూను పద్ధతి పనిచేసింది. నిన్నటి నుంచి రోజుకి రెండే మోషన్స్, గట్టిపడ్డాయి. తిన్నది పది నిమిషాల్లో కిందికి చేరదని అత్తయ్యకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ మధ్యాహ్నం చూస్తే ఆవిడే పెరుగన్నం గిన్నెతో వాడి వెనక తిరుగుతున్నారు. తగ్గిపోయింది కదా, జింక్ ఆపేయొచ్చా?

డబ్బా పాల నాన్న
ఆపకండి. ఆరు నెలలు దాటినవాళ్లకి మామూలుగా రోజుకి 20 మి.గ్రా., ఆరు నెలల లోపైతే 10. తగ్గినా 10 నుంచి 14 రోజుల కోర్సు పూర్తి చేయాలి. మీ చీటీ మీద ఎన్ని రోజులని రాశారో చూడండి. రెండు వారాలపాటు రోజూ ఒక పూట తిండి అదనంగా పెట్టమని కూడా మాకు చెప్పారు.

బుజ్జిగాడి అమ్మ
సరేనండీ. పిర్రలు మాత్రం మండిపోయి డైపర్ చూస్తేనే ఏడుస్తున్నాడు.

కవలల అమ్మ
వైప్స్ పక్కన పెట్టేసి నీళ్లతో కడగండి, అద్ది ఆరబెట్టాక జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా రాయండి. కాసేపు డైపర్ లేకుండా వదిలేయండి. కింద పాత దుప్పటి వేసుకోవడం మర్చిపోకండి, నేను మర్చిపోయాను.