"స్వీయ నిర్మాణం" అంటే డబ్బు పెట్టుకోవడమేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక ఇండీ (ఇండిపెండెంట్, అంటే పెద్ద రికార్డు కంపెనీల అండ లేని) గాయని పాప్, రాక్ ఆల్బమ్‌ల మీద వ్యాసం రాస్తున్నాను. పాటలు ఆవిడే రాసుకుంటారు, బాణీలు ఆవిడవే, పాడేదీ ఆవిడే. గిటార్ మొదలుకొని మిక్సింగ్ దాకా అంతా సొంత చేతిమీదే. ఇంగ్లీషులో "సెల్ఫ్ ప్రొడ్యూస్డ్" అనే దాన్ని "స్వీయ నిర్మాణంలో వచ్చిన ఆల్బమ్" అని రాస్తే, చదివినవాళ్ళు "ఓహో, డబ్బు తనే పెట్టుకుందా?" అంటున్నారు. నేను చెప్పాలనుకున్నది అది కాదు. పోనీ "వాగ్గేయకారిణి" అనేస్తే? గిటార్ పట్టుకున్న మనిషికి మరీ బరువైన మాటేమో!

జవాబు:
చదివినవాళ్ళ తప్పేం లేదండీ. సినిమాల పుణ్యమా అని మనకు నిర్మాత అంటే డబ్బు పెట్టే మనిషే. రికార్డింగ్‌లో ప్రొడ్యూసర్ పని వేరు. పాడిన వాటిలో ఏ టేక్ ఉంచాలి, రెండో చరణంలో డ్రమ్స్ ఆపేయాలా, గొంతు ముందుకు వినపడాలా లేక గిటార్ల మధ్య కలిసిపోవాలా... ఈ తీర్పులన్నీ ఆ మనిషివి. ఒక రకంగా దర్శకుడి పని. "సంగీత దర్శకుడు" అందామంటే ఆ మాట బాణీ కట్టేవాళ్ళకి ఎప్పుడో ఖాయమైపోయింది.

డబ్బుకీ దీనికీ సంబంధం లేదనడానికి అమెరికన్ పాప్ గాయకుడు ప్రిన్స్ మొదటి ఆల్బమ్ చూడండి. 1978లో వచ్చింది. ఖర్చు వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీది, ప్రొడ్యూసర్‌గా పేరు ప్రిన్స్‌ది. వాయిద్యాలన్నీ తనే వాయించాడు. అది సెల్ఫ్ ప్రొడ్యూస్డే, ఇండిపెండెంట్ మాత్రం కాదు. మీ వ్యాసంలో ఈ రెండూ విడివిడిగా చెప్పాలి.

ఇక వాగ్గేయకారుడి సంగతి. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో సంగీత రత్నాకరం అనే సంగీత శాస్త్ర గ్రంథంలో చెప్పిన లెక్క ప్రకారం సాహిత్యం "మాతువు", బాణీ "ధాతువు". రెండూ చేసేవాడు వాగ్గేయకారుడు. అంతే, ఏ వాయిద్యం పట్టుకోవాలో షరతు లేదు. వాగ్గేయకారుడికి ఉండాల్సిన లక్షణాల జాబితాలో మంచి గాత్రం కూడా ఉంది కాబట్టి పాడటమూ కలిసొస్తుంది. ఇంకో తమాషా, ఇతరుల బాణీకి మాటలు కూర్చేవాడిని ఆయన "కుట్టికారుడు" అన్నాడు. ట్యూన్‌కి రాసే మన సినిమా కవులంతా ఆ ఖాతాలోకే వస్తారు, వాళ్ళు ఒప్పుకుంటారో లేదో!

మరో సభ్యుడు:
నిర్వచనం సరే గురువుగారూ. తెలుగులో ఆ మాట వినగానే త్యాగయ్య, అన్నమయ్య కళ్ళముందు మెదులుతారు. బ్రేకప్ పాటలకి అది అతకదు.

జవాబు:
క్షేత్రయ్య పదాల్లో అలకలూ ఎడబాట్లూ తక్కువా చెప్పండి? వస్తువు అడ్డు కాదు. నాకు కనిపించే చిక్కు వేరే చోట ఉంది. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, బాణీకి స్వరలిపి లేదు. అందుకే ఈ కాలంవాళ్ళు కొత్తగా స్వరపరిచి పాడుతున్నారు, అయినా అది అన్నమయ్య కీర్తనే. రాక్ ఆల్బమ్‌లో అలా కుదరదు. ఆ ఆంప్లిఫయర్ గరగర, ఒకే గొంతుని రెండుసార్లు రికార్డు చేసి ఒకదానిమీద ఒకటి పేర్చడం, ఇవి కూడా రచనలో భాగమే. ఇంకెవరో పాడితే పాట అదే, ఆల్బమ్ మాత్రం అది కాదు. మాతువూ ధాతువూ పోగా మిగిలిన ఈ ధ్వని పనికి పాత మాటలో చోటు లేదు. సెల్ఫ్ ప్రొడ్యూస్డ్ అనే మాట చెప్పేది సరిగ్గా దాని గురించే.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఏం రాయమంటారు?

జవాబు:
ఒక్క మాటలోకి కుక్కకండి. "పాటలు రాసి, బాణీ కట్టి, పాడి, రికార్డింగ్ కూడా తానే నడిపించిన ఆల్బమ్" అని ఒకసారి వివరంగా రాయండి. ఆ తర్వాత "సొంతంగా ప్రొడ్యూస్ చేసిన" అంటే చాలు, పాటలు వినేవాళ్ళకి తెలిసిన మాటే. పాటల రచన గురించి మాట్లాడే పేరాలో "వాగ్గేయకారిణి" ధైర్యంగా వాడండి. "స్వీయ నిర్మాణం" మాత్రం తీసేయండి. ఖర్చు కూడా ఆవిడదే అయితే ఆ సంగతి వేరే వాక్యంలో చెప్పండి.