నామినేటెడ్ సెనేటర్ వల్ల నిజంగా చట్టం మారిన సందర్భం ఉందా? ఐర్లాండ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పాలిటీ_నోట్స్ (అశోక్‌నగర్, హైదరాబాద్):

అందరికీ నమస్తే. గ్రూప్-1కి చదువుతున్నా. రాజ్యసభకి 12 మందిని నామినేట్ చేసే పద్ధతి ఐర్లాండ్ నుంచి తీసుకున్నాం, ఆదేశిక సూత్రాలు కూడా అక్కడివే, ఈ లైన్ అందరం బట్టీ పట్టిందే. కానీ అక్కడ ఆ నామినేటెడ్ సభ్యులు ఏం చేస్తారో ఏ పుస్తకంలోనూ ఉండదు. నిన్న రూమ్‌లో శాసనమండలి అవసరమా కాదా అని గట్టిగా వాదన జరిగింది, ఏపీలో మండలి 1985లో పోయింది, 2007లో మళ్లీ వచ్చింది, 2020 జనవరిలో రద్దు తీర్మానం చేశారు, 2021 నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, ఇదంతా చెప్పి మా వాడు ఒకటే మాట అన్నాడు, ఎగువ సభ అంటే ఓడిపోయినవాళ్లకి, పెద్దమనుషులకి కుర్చీలు వేయడమే అని. నాకు అది నచ్చలేదు గానీ ఎదురు చెప్పడానికి గట్టి ఉదాహరణ దొరకలేదు.

అందుకే అడుగుతున్నా. ఐర్లాండ్‌లో నామినేటెడ్ సెనేటర్ ఎవరైనా దేశం లోపలి విషయాల మీద, అంటే పిల్లలు, ఆరోగ్యం, కుటుంబం లాంటివాటి మీద సభలో మాట్లాడి నిజంగా ఏదైనా మార్చారా? మంచి స్పీచ్ ఇచ్చారు అని కాదు, చట్టం మారాలి. అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా.

లిఫీ_గట్టు (డబ్లిన్):

ఉంది తమ్ముడూ. జిలియన్ వాన్ టర్న్‌హౌట్ అని ఒకావిడ, 2011 నుంచి 2016 దాకా సెనేటర్. ఏ పార్టీ మనిషీ కాదు, అప్పటి ప్రధాని ఎండా కెన్నీ నామినేట్ చేసిన 11 మందిలో ఒకరు. ఇక్కడి ఎగువ సభ పేరు షానడ్, మొత్తం 60 మంది, అందులో 43 మంది ప్యానెళ్ల (రంగాల వారీ అభ్యర్థుల జాబితాలు) నుంచి వస్తారు, వాళ్లకి ఓట్లేసేది ఎక్కువగా కౌన్సిలర్లే, ఆరుగురు యూనివర్సిటీ పట్టభద్రుల ఓట్లతో వస్తారు (మన పట్టభద్రుల ఎమ్మెల్సీల్లాగా), మిగతా 11 ప్రధాని చేతిలో ఉంటాయి. ఈవిడ సభకి రాకముందు చిల్డ్రన్స్ రైట్స్ అలయన్స్‌కి సీఈఓగా చేశారు, అంటే పిల్లల చట్టాల్లో ఎక్కడ ఏ కంత ఉందో బాగా తెలిసిన మనిషి, నా దృష్టిలో అసలు బలం అదే.

ఆవిడ మార్చింది ఏంటంటే, తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టడం గురించిన చట్టం. ఐర్లాండ్ బడుల్లో బెత్తం 1982లోనే ఆపేశారు, 1997 చట్టంతో టీచర్లకి ఉన్న రక్షణ కూడా పోయింది. ఇంట్లో మాత్రం పాత ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పుల ద్వారా ఏర్పడిన చట్టం) నుంచి వచ్చిన ఒక మినహాయింపు అలాగే ఉండిపోయింది. బిడ్డని కొట్టినందుకు కేసు పెడితే, నేను తగుమాత్రంగానే దండించాను అని కోర్టులో చెప్పుకోవచ్చు, కోర్టు అది నమ్మితే నేరం లేదు. అంటే బస్సులో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని చెంపమీద కొడితే నేరం, అదే చెయ్యి ఇంట్లో నాలుగేళ్ల పిల్ల మీద పడితే దానికి చట్టంలోనే ఒక సాకు రెడీగా ఉంది. అందరికంటే చిన్నవాళ్లకి అందరికంటే తక్కువ రక్షణ, ఆవిడ వాదన సారం ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడ దీనికోసం కొత్త బిల్లు తేలేదు. చిల్డ్రన్ ఫస్ట్ బిల్లు అని ప్రభుత్వమే తెచ్చిన బిల్లు ఒకటి అప్పటికే దిగువ సభ దాటి షానడ్‌కి వచ్చింది, పిల్లల మీద వేధింపులు గమనిస్తే టీచర్లు, డాక్టర్లు లాంటివాళ్లు తప్పనిసరిగా చెప్పాలి అనేది అందులో ముఖ్యమైన విషయం. ఆ బిల్లుకే 2015 అక్టోబర్‌లో ఆవిడ సవరణ పెట్టారు. సవరణ చాలా చిన్నది, తగుమాత్రపు దండన అనే కామన్ లా మినహాయింపుని రద్దు చేస్తున్నాం, ముఖ్యంగా చెప్పింది అంతే. కొత్త నేరం లేదు, కొత్త శిక్ష లేదు, కొత్త డిపార్ట్‌మెంట్ లేదు. అప్పటి పిల్లల శాఖ మంత్రి జేమ్స్ రైలీ ఒప్పుకున్నారు, సవరణతో సహా బిల్లు మళ్లీ దిగువ సభకి వెళ్లింది, అక్కడా పాసయింది, 2015 డిసెంబర్ 11 నుంచి అమల్లోకి వచ్చింది. ఎన్నో ప్రభుత్వాలు చెయ్యి పెట్టడానికి భయపడిన విషయం ఇది, ఇంట్లో పెంపకం జోలికి వస్తే ఓట్లు పోతాయని అందరికీ తెలుసు, ఆవిడకి ఆ ఓట్ల లెక్క లేదు కాబట్టి అడగగలిగింది.

టైమింగ్ కూడా చూడాలి. అదే ఏడాది కౌన్సిల్ ఆఫ్ యూరప్ (యూరప్ దేశాల మానవ హక్కుల సంస్థ) సోషల్ రైట్స్ కమిటీ, ఐర్లాండ్ చట్టం పిల్లల్ని దండన నుంచి సరిగా కాపాడట్లేదని తేల్చిన నిర్ణయం బయటికి వచ్చింది, అంతకుముందు 2012 నవంబర్‌లో పిల్లల హక్కుల్ని రాజ్యాంగంలో పెట్టాలా అని రెఫరెండం పెడితే దాదాపు 58 శాతం అవునన్నారు. గాలి అటు తిరిగింది, చేతికి సరైన బిల్లు వచ్చింది, ఆవిడ ఆ అవకాశం వదల్లేదు. మీ ఫ్రెండ్‌కి ఇది చెప్పండి.

లూకన్_అమ్మ:

పైన చెప్పింది కరెక్ట్, ఇంకొకటి కలుపుతా. చిన్నపిల్లలు కార్లో ఉండగా సిగరెట్ తాగకూడదు అనే చట్టం కూడా ఆవిడ, ఇంకో ఇద్దరు సెనేటర్లు కలిసి తెచ్చిందే, జాన్ క్రౌన్ గారు (ఆయన క్యాన్సర్ డాక్టర్, యూనివర్సిటీ సీటు నుంచి వచ్చారు), మార్క్ డేలీ గారు (ప్రతిపక్ష పార్టీ). 2012లో షానడ్‌లో ప్రైవేట్ బిల్లుగా పెట్టారు, 2014లో చట్టమైంది, 2016 జనవరి 1 నుంచి అమలు. 18 ఏళ్ల లోపు పిల్లలు కార్లో ఉంటే ఎవరూ వెలిగించకూడదు. ఒకరు నామినేటెడ్, ఒకరు యూనివర్సిటీ, ఒకరు ప్రతిపక్షం, ముగ్గురి చేతిలోనూ ప్రభుత్వం లేదు, అయినా బిల్లు బతికి బట్టకట్టింది.

కొట్టడం గురించి మన తెలుగువాళ్లకి ఒక మాట చెప్పాలనిపిస్తోంది, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ఫ్యామిలీలకి ఈ చట్టం ఉందనే తెలియదు, ఎవరూ చెప్పరు కూడా, వీసా, ఇల్లు, స్కూల్ సీటు ఈ గొడవలోనే ఏడాది గడిచిపోతుంది. తర్వాత ఎవరో భయపెడతారు, ఒక్క దెబ్బ వేస్తే టుస్లా వాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతారు అని. టుస్లా అంటే ఇక్కడి పిల్లల, కుటుంబాల ఏజెన్సీ, 2014లో మొదలైంది. అలా ఎత్తుకుపోవడం ఉండదండి, తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లడానికి మామూలుగా కోర్టు దాకా వెళ్లాల్సిందే (వెంటనే తీవ్రమైన ప్రమాదం ఉంటే పోలీసులు ముందు తీసుకెళ్లొచ్చు), టీచర్ చట్టప్రకారం తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సింది కూడా బిడ్డకి తీవ్రమైన హాని అన్నప్పుడు, ఆ రూల్ 2017 డిసెంబర్ నుంచి ఉంది. అలాగని పర్లేదులే అనుకోవద్దు, గరిటె పట్టుకుని వెంటపడటం, కాలి మీద స్కేలుతో వాతలు తేలేలా కొట్టడం, ఇవన్నీ మన ఇళ్లలో మామూలు అనుకుంటాం, ఇక్కడ ఆ వాత పీఈ క్లాసులో షార్ట్స్ వేసుకున్నప్పుడు టీచర్ కంట్లో పడుతుంది, టీచర్ అడుగుతుంది, పిల్ల ఉన్నదున్నట్టు చెప్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ పిల్ల మొహంలో భయం గురించి ఆలోచించండి, నాకు ఆ సెనేటర్ మీద గౌరవం అందుకే.

కోనసీమ_కుర్రాడు:

ఏమీ అనుకోవద్దు అక్కా, నేను ఒప్పుకోను. మా నాన్న నన్ను కొట్టే పెంచారు, ఆయన మీద నాకు కోపం లేదు, ప్రేమే ఉంది. తల్లిదండ్రులు కోపంలో ఒక దెబ్బ వేయడం, రాక్షసంగా హింసించడం రెండూ ఒకటి ఎలా అవుతాయి? హింసించేవాళ్లకి వేరే చట్టాలు ఉన్నాయి కదా. పైగా ఎవరూ ఓటేయని మనిషి దేశంలోని ప్రతి ఇంట్లో పెంపకం ఎలా ఉండాలో తేల్చేయడం ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది? నాకు ఇదే పెద్ద అభ్యంతరం, సవరణ మంచిదా చెడ్డదా అన్నది తర్వాత.

లిఫీ_గట్టు (డబ్లిన్):

మీ రెండో పాయింట్ గట్టిది, దానికే ముందు చెప్తా. ఆవిడ తేల్చేయలేదు తమ్ముడూ, ప్రతిపాదించింది. తర్వాత మంత్రి ఒప్పుకోవాలి, షానడ్ ఒప్పుకోవాలి, జనం ఓట్లేసి పంపిన డోయిల్ (దిగువ సభ) కూడా ఒప్పుకోవాలి. షానడ్‌కి సొంతంగా ఏదీ రుద్దే శక్తి లేదు, డబ్బు బిల్లు అయితే 21 రోజుల్లో సలహాలు చెప్పి పంపేయాలి, మామూలు బిల్లుని మహా అయితే కొన్నాళ్లు ఆలస్యం చేయగలదు. కాబట్టి ఓటు లేని మనిషి చేయగలిగింది ఒప్పించడం ఒక్కటే. ఇంకో సంగతి, ఆవిడని నామినేట్ చేసిన కెన్నీనే 2013 అక్టోబర్ 4న షానడ్‌ని రద్దు చేద్దామా అని రెఫరెండం పెట్టారు, జనం 51.7 శాతం వద్దన్నారు, అంత తక్కువ తేడాతో బతికిన సభ రెండేళ్ల తర్వాత ఈ సవరణ ఇచ్చింది. ఏపీలో రద్దు సంగతి అసెంబ్లీ తీర్మానంతో నడిచింది, ఇక్కడ జనాన్నే అడిగారు, పాలిటీ_నోట్స్ తమ్ముడు ఈ తేడా రాసుకోవాలి.

మొదటి పాయింట్. ఒక దెబ్బ వేరు, హింస వేరు, నిజమే, శిక్ష విషయంలో కోర్టు ఇప్పటికీ ఆ తేడా చూస్తుంది. కానీ ఆ గీత ఎక్కడ గీయాలో ఇన్నాళ్లూ ఎవరు చెప్పారు? కొట్టినవాడే. తగుమాత్రం అని వాడే అంటాడు, దెబ్బ తిన్న ఆరేళ్ల పిల్లకి కోర్టులో మాట ఉండదు. మీ నాన్నగారి ప్రేమని ఎవరూ కాదనట్లేదు, మీరు బాగా పెరిగింది ఆ ప్రేమ వల్లే గానీ దెబ్బల వల్ల కాదని నా నమ్మకం. స్వీడన్ 1979లోనే కొట్టడం నిషేధించింది, అక్కడ పెంపకం ఏమీ కూలిపోలేదు.

పాలిటీ_నోట్స్ (అశోక్‌నగర్, హైదరాబాద్):

చాలా థాంక్స్ అన్నా, అక్కా. మన దగ్గర ఎలా ఉందో చూశా, బడిలో కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 నిషేధించింది, ఇంటి విషయానికొస్తే పాత ఐపీసీ 89 ఉండేది, పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోసం గార్డియన్ సదుద్దేశంతో చేసిన పని నేరం కాదు అని, ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో అదే 27గా ఉంది. అంటే బడి వరకు ఐర్లాండ్‌లాగే వచ్చాం, ఇంటి గడప దగ్గర ఆగాం. మన రాజ్యసభ నామినేటెడ్ సభ్యుల్లో ఎవరైనా దీని మీద సవరణ పెట్టారా అని వెతకాలి. ఆ 2015 డిబేట్ పూర్తిగా ఎక్కడ దొరుకుతుంది?

లిఫీ_గట్టు (డబ్లిన్):

ఒరాక్టస్ (వాళ్ల పార్లమెంటు) వెబ్‌సైట్‌లో ప్రతి మాటా ఉంటుంది, ఫ్రీ. షానడ్ డిబేట్లలో 2015 అక్టోబర్, చిల్డ్రన్ ఫస్ట్ బిల్లు అని వెతుకు. పార్టీలతో పని లేకుండా సెనేటర్లు ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడతారు, ఓపిగ్గా చదువు.

బెల్‌ఫాస్ట్_రవి:

లేటుగా చూశా ఈ త్రెడ్. బోర్డర్‌కి ఇటువైపు, అంటే నార్తర్న్ ఐర్లాండ్‌లో, తల్లిదండ్రులకి ఆ సాకు ఇంకా ఉంది. ఇంగ్లండ్‌లో కూడా అంతే. స్కాట్లాండ్ 2020లో తీసేసింది, వేల్స్ 2022లో. డబ్లిన్ నుంచి మా ఇంటికి రెండు గంటల డ్రైవ్, డండాక్ దాటి న్యూరీ వైపు వచ్చేసరికి అదే పిల్లకి ఉన్న రక్షణ తగ్గిపోతుంది, మధ్యలో చెక్‌పోస్ట్ కూడా లేదు. ఇక్కడ అసెంబ్లీలో ఎగువ సభ లేదు, ఇలా ఒక్క సవరణతో పని కానిచ్చే నామినేటెడ్ మనిషీ లేరు, పిల్లల సంస్థలు మాత్రం అడుగుతూనే ఉన్నాయి. మా లోకల్ ఎమ్మెల్యేకి (ఇక్కడా అదే అంటారు) ఈ వారం మెయిల్ పెడుతున్నా, బెల్‌ఫాస్ట్, డెర్రీ వైపు ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా కలిసి సంతకం పెడతామంటే నాకు మెసేజ్ చేయండి.