కెరీర్ కౌన్సెలర్లని రీసెర్చ్ వైపు కదిలించడం ఎలా? (వైజాగ్)

ఎంవీపీ_కౌన్సెలర్:
అందరికీ నమస్తే అండి. నేను వైజాగ్‌లో ఒక స్కూల్లో కెరీర్ కౌన్సెలర్‌ని, గాజువాక, పెందుర్తి, మధురవాడ వైపు ఇదే పని చేసేవాళ్ళం కొంతమందిమి నెలకోసారి కలుస్తుంటాం. టెన్త్ అయ్యాక ఎంపీసీనా బైపీసీనా, పాలిటెక్నిక్‌కి వెళ్తే తక్కువగా చూస్తారా అని పిల్లలు రోజూ అడుగుతూనే ఉంటారు, మనమూ చెప్తూనే ఉంటాం, కానీ చెప్పింది ఆ పిల్లలకి పనికొచ్చిందో లేదో తర్వాత కనుక్కున్నవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. చిన్నగా ఏదైనా స్టడీ చేద్దాం అంటే "అది పీహెచ్‌డీ వాళ్ళ పని కదా మేడమ్" అంటున్నారు. అడ్మిషన్ల టైమ్‌లో ఊపిరి సలపదు, అదీ నిజమే. అయినా ఇలా వదిలేయడానికి నాకు మనసొప్పట్లేదు. వీళ్ళని ఎలా కదిలించాలి?

రిటైర్డ్_లెక్చరర్:
మేడమ్, వాళ్ళని ఇప్పుడే రీసెర్చ్ పేపర్ రాయమనకండి. అందరికీ ఉన్న అనుమానం ఒకటి పట్టుకోండి చాలు. పేరెంట్స్‌ని కూడా కూర్చోబెట్టి మాట్లాడితే మేలా, పిల్లాడితో విడిగా మాట్లాడితే మేలా? సెషన్‌కి ముందు కొన్ని ప్రశ్నలు, అయ్యాక మళ్ళీ అవే, 6 నెలలకి ఒక ఫోన్. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో చేరతానన్నవాడు చేరాడా, చేరి మానేశాడా, అది రిజిస్టర్లో ఒక కాలమ్ గీసుకుంటే తెలిసిపోతుంది. ప్రశ్నలకి 1996లో గాటి, క్రౌజ్, ఒసిపో తయారుచేసిన ప్రశ్నావళి చూడండి, పిల్లలు ఎందుకు తేల్చుకోలేకపోతున్నారో అందులో 3 రకాలుగా విడదీశారు: ఇంకా సిద్ధంగా లేకపోవడం, సమాచారం లేకపోవడం, ఉన్న సమాచారానికి పొంతన లేకపోవడం. మన దగ్గర చివరిదే ఎక్కువని నా నమ్మకం, బాబాయ్ ఒకటి చెప్తాడు, ట్యూషన్ సార్ ఇంకోటి, యూట్యూబ్‌లో మరోటి. నమ్మకమే సుమండీ, లెక్క లేదు. ఆ లెక్క తీయాల్సింది మీరే.

పాడేరు_మాస్టారు:
సార్ చెప్పింది బాగుంది కానీ బయటి ప్రశ్నావళిని ఉన్నదున్నట్టు ఇచ్చేయకండి. మా స్కూల్లో హాలండ్ టెస్ట్ అని, ఏ పనులు ఇష్టమో అడిగి మనుషుల్ని 6 రకాలుగా విడదీసేది, ఇంగ్లీషులో ఇచ్చారు, ఎప్పుడూ చూడని ఉద్యోగం ఇష్టమా అంటే పిల్లేం రాస్తుంది, పక్కమ్మాయి టిక్ పెట్టినచోటే తనూ పెట్టింది. ఆ కాగితం చూసి ఈ పిల్లకి ఇది సూటవుతుంది అని చెప్పడం నావల్ల కాలేదు. మన పిల్లలకి ఏ ప్రశ్న అర్థమవుతుందో ముందు అదే స్టడీ చేయండి, ఆ పని ఇక్కడున్న మనం కాకపోతే ఇంకెవరు చేస్తారు? రాశాక పంపడానికి ఇండియన్ జర్నల్ ఆఫ్ కెరీర్ అండ్ లైవ్లీహుడ్ ప్లానింగ్ ఇప్పుడూ వస్తోందేమో చూడండి, కెరీర్ కౌన్సెలింగ్ మీద మన దేశంలో మొదలైన జర్నల్ అది.

ఏయూ_ఎంఈడీ:
మా ఎంఈడీ వాళ్ళకి డిసర్టేషన్, అంటే ఒక రీసెర్చ్ రిపోర్ట్, ఎలాగూ తప్పదు అండి, మాకు రీసెర్చ్ పద్ధతి నేర్పుతారు, పిల్లలు మీ దగ్గరున్నారు, ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి ఎడ్యుకేషన్, సైకాలజీ డిపార్ట్‌మెంట్లలో అడిగితే జతకట్టేవాళ్ళు దొరుకుతారు. 18 ఏళ్ళలోపు పిల్లలు కాబట్టి పేరెంట్స్ సంతకం తప్పకుండా తీసుకోండి, 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో కూడా పిల్లల వివరాలకి పేరెంట్స్ అనుమతి ఉండాలనే రాశారు. పేర్లతో ఉన్న ఎక్సెల్ షీట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు ప్లీజ్. ప్రిన్సిపాల్‌ని వారానికి ఒక్క పీరియడ్ అడగండి, టైమ్ ఇవ్వకుండా స్టడీ చేయమంటే ఎవరు ముందుకొస్తారు?

ఎంవీపీ_కౌన్సెలర్:
చాలా థాంక్స్ అండి అందరికీ. పేరెంట్స్‌తో కలిపి, విడిగా అన్నదే తీసుకుంటాం, పీరియడ్ సంగతి ప్రిన్సిపాల్ గారితో నేనే మాట్లాడతా. ప్రశ్నలు తెలుగులో రాసి ఇక్కడే పెడతాను, పాడేరు మాస్టారూ, మీ పిల్లలతో ఒకసారి చదివించి ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పాలి మీరు.